ఆకు టోపీ ఎవరిది? వియత్నాంలో ఒక వృత్తి గ్రామం చరిత్ర

వియత్నాం అనగానే మన దగ్గర చదువుకున్న వాళ్లకు రెండు బొమ్మలు గుర్తుకొస్తాయి. ఒకటి యుద్ధం. గోడల మీది నినాదాల్లో, సభల్లో, పాటల్లో విన్న వియత్నాం అది. రెండోది పర్యాటక సంస్థల క్యాలెండర్లలో కనిపించేది: పచ్చటి వరిచేను, దాని గట్టున తెల్లటి పొడుగు దుస్తుల్లో ఒక అమ్మాయి, తలమీద కొసదేలిన ఆకు టోపీ. ఈ రెండు బొమ్మల్లోనూ టోపీ ఉంది. టోపీ కుట్టిన మనిషి మాత్రం రెండింట్లోనూ లేదు. మేము ఈ వ్యాసంలో ఆ మనిషి కోసం వెతుకుతున్నాం.

దళిత అధ్యయనాల పత్రికలో వియత్నాం టోపీ గురించి ఎందుకని ఎవరైనా అడగొచ్చు. అందుకు మొదటి కారణం ఒక మాట. ఇంగ్లీషు వాళ్లు ఈ టోపీని చాలాకాలం 'కూలీ టోపీ' అనే పిలిచారు. ఆ 'కూలీ' మన దక్షిణాది భాషల్లోని 'కూలి' నుంచి పోయిందని కొందరు పండితులంటారు, గుజరాత్‌లోని కోలీల పేరు నుంచి వచ్చిందని మరికొందరు. ఎట్లా పుట్టినా, తెలుగు రేవుల నుంచి బర్మాకు, మలయాకు, మారిషస్‌కు, నటాల్‌కు ఓడలెక్కిన మన వాళ్లకు తగిలించిన మాట అదే. అదే మాట ఆగ్నేయాసియా రైతు నెత్తిమీది ఆకుకు కూడా అంటుకుంది. పనిచేసే మనిషి పేరునే తిట్టు చేయటం దొరలకు అలవాటు, నల్లదొరలయినా తెల్లదొరలయినా.

రెండో కారణం ఇంకా ముఖ్యమైంది. వృత్తి పుట్టుకతో రాని చోట, కులం పేరు మోయని చోట వృత్తిదారు పరిస్థితి ఎట్లా ఉంటుంది? మన దగ్గర ఈ ప్రశ్నకు జవాబు వెతకటానికి చోటే లేదు. ఇక్కడ పనికీ కులానికీ మధ్య సందు వదల్లేదు. అందుకే బయటికి చూడాల్సి వస్తోంది.

ఆ ఊరి పేరు చువొంగ్. హనోయ్ నగరం నడిబొడ్డు నుంచి నైరుతి దిక్కుగా సుమారు 30 కిలోమీటర్లు పోతే, దాయ్ నది ఒడ్డున ఉంటుంది. పాత లెక్కల్లో అది హా తాయ్ రాష్ట్రం, థాన్ ఓయ్ జిల్లా, ఫువొంగ్ చుంగ్ పంచాయతీ. 2008లో హా తాయ్ మొత్తాన్నీ హనోయ్‌లో కలిపేశారు. 2025లో దేశమంతటా జిల్లా స్థాయి పాలననే ఎత్తేశారు. ఊరిని ఏ కాగితంలో రాసినా జనం మాత్రం 'టోపీల ఊరు' అనే అంటారు. చాంద్రమాన నెలలో 4, 10, 14, 20, 24, 30 తేదీల్లో అక్కడ టోపీల సంత జరుగుతుంది. చీకటితోనే మొదలై, పొద్దెక్కే సరికి అయిపోతుంది. టోపీలొక్కటే కాదు, టోపీకి కావలసిన ఆకు, వెదురు కడియాలు, దారం, లోపలి పొర అన్నీ అక్కడే అమ్ముతారు. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఎక్కువమంది ఆడవాళ్లే. కుట్టిన టోపీలు అమ్మి, అదే డబ్బుతో వచ్చే సంత దాకా సరిపడా ఆకు కొనుక్కొని ఇంటికి పోతారు. మన చేనేత ఊళ్లల్లో బట్ట ఇచ్చి నూలు తెచ్చుకునే పద్ధతి తెలిసిన వాళ్లకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది.

ఇక చరిత్ర. ఈ టోపీ గురించి రాసిన వాళ్లు చాలామంది కంచు డోళ్ల దగ్గర మొదలుపెడతారు. దోంగ్ సోన్ కాలపు కంచు డోళ్ల మీద చెక్కిన బొమ్మల్లో ఈ టోపీ ఉందనీ, కాబట్టి దీనికి రెండున్నర వేల ఏళ్ల చరిత్ర ఉందనీ అంటారు. న్గోక్ లూ డోలు మీద బొమ్మలు చూసిన వాళ్లకు తెలుసు, ఆ మనుషుల తలల మీద ఉన్నవి ఎక్కువగా పక్షి ఈకల అలంకారాలు. ఎండకూ వానకూ అడ్డంపెట్టుకునే ఆకు టోపీకీ, ఉత్సవంలో పెట్టుకునే ఈకల కిరీటానికీ ఎక్కడి పొత్తు? అయినా ఈ కథ పుస్తకం నుంచి పుస్తకానికి పాకుతూనే ఉంది. పాతదైతేనే గొప్పదనే నమ్మకం మన పండితులకే పరిమితం కాదన్నమాట.

ఊళ్లో చెప్పుకునే కథ ఇంకొకటి. ఒకప్పుడు చువొంగ్ టోపీలు రాణులకూ రాజకుమార్తెలకూ కానుకలుగా పోయేవట. అది నిజమే కావచ్చు. మంచి వస్తువు ఎక్కడున్నా కోట దాన్ని వెతుక్కుంటూ వస్తుంది. మా అభ్యంతరం కథ మీద కాదు, దానికి ఇచ్చే స్థానం మీద. రాణి నెత్తికెక్కిన టోపీలు ఎన్ని, వరి నాటు వేసే ఆడమనిషి నెత్తికెక్కినవి ఎన్ని? ఊరు బతికింది రెండో లెక్క మీద. గొప్పతనం మాత్రం మొదటి లెక్కలో రాసుకున్నారు.

నిజానికి ఈ కొసదేలిన ఆకారం కూడా ఉత్తర వియత్నాంలో మనం అనుకున్నంత పాతది కాదు. 1884–85లో టోంకిన్‌లో ఫ్రెంచి సైన్యం వెంట తిరిగిన డాక్టర్ ఒకార్ తీసిన ఫోటోలుగానీ, 1900 తర్వాత ద్యూల్‌ఫీస్ అచ్చువేసిన పోస్టుకార్డులుగానీ చూడండి. ఉత్తరాది ఆడవాళ్ల తలల మీద కనిపించేది వెడల్పుగా, బల్లపరుపుగా, గంప మూతలాగా ఉండే పెద్ద టోపీ. దాన్ని బా తామ్ అంటారు. సిల్కు కుచ్చుల తాడు కడితే క్వాయ్ థావ్ అంటారు. ఆ టోపీ చువొంగ్‌లో తయారైతే, కుచ్చుల తాడు హనోయ్ పక్కనున్న చియూ ఖూక్ అనే ఇంకో ఊళ్లో తయారయ్యేది. ఒక తల మీది వస్తువులో రెండు ఊళ్ల పని ఉండేది. ఇప్పుడు మామూలుగా కనిపించే 16 కడియాల కొస టోపీ మధ్య వియత్నాంలోని హ్యూ పట్టణం వైపు నుంచి వచ్చిందనీ, 1930లు, 40లలో తమ దగ్గర స్థిరపడిందనీ ఊరివాళ్ల జ్ఞాపకం. తేలికైనది, ఆకు తక్కువ పడుతుంది, చేలో వంగి పనిచేసేటప్పుడు వెడల్పు టోపీలాగా అడ్డంరాదు, వాన నీళ్లు జారిపోతాయి. పనికి పనికొచ్చేది నిలిచింది, పెద్ద టోపీ పాటల బృందాలకూ పండగలకూ మిగిలింది. బాక్ నిన్ ప్రాంతపు క్వాన్ హో గాయకురాళ్లు ఇప్పటికీ దాన్నే పట్టుకుంటారు. 2009లో ఆ పాటలకు యునెస్కో గుర్తింపు వచ్చింది.

టోపీ ఎట్లా తయారవుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. సంస్కృతి గురించి మాట్లాడే వాళ్లు దాటేసేది ఇదే.

ఆకు అడవి తాటి జాతిది, ఇంకా పూర్తిగా విచ్చుకోని లేత ఆకు. ఊళ్లో పండదు. మధ్య వియత్నాం కొండ అడవుల నుంచీ ఉత్తరాది మన్యాల నుంచీ వర్తకుల చేతులు మారి వస్తుంది. ముడుచుకున్న ఆకును ఇసకతో కలిపి కాళ్లతోనో చేతులతోనో నలపాలి. నలిగిన ఆకును ఎండబెడితే పచ్చదనం పోయి వెండి తెలుపు వస్తుంది. వాన పడితే ఆకు బూజు పట్టి నల్లబడుతుంది, ఆ సంతకు చేతులు ఖాళీ. తర్వాత గంధకం పొగ పెడతారు, తెలుపు నిలవటానికీ పురుగు పట్టకుండా ఉండటానికీ. ఈ పొగ ఇంట్లోనో వాకిట్లోనో పెడతారు. చలువ టోపీ, అందాల టోపీ అని రాసేవాళ్లు ఆ పొగ పీల్చే ఊపిరితిత్తుల గురించి రాయరు.

ఆ తర్వాతది అసలు పనితనం. నాగటి కర్రును నిప్పుల మీద కాలుస్తారు. కాలిన కర్రు మీద ఆకు పరిచి, గుడ్డల మూటతో ఒత్తుతూ సాగదీస్తారు. వేడి ఎక్కువైతే ఆకు మాడి పసుపెక్కుతుంది. తక్కువైతే సాపు అయినట్టే అయి, మళ్లీ ముడుచుకుంటుంది. ఎంత వేడి ఉండాలో చెప్పే కొలత ఏదీ లేదు. అరచెయ్యి చెప్పాలి. మట్టిని దున్నే ఇనుమునే ఆకును సాపుచేసే ఇస్త్రీపెట్టెగా వాడుకున్న బుర్ర ఎవరిదో ఏ శాసనంలోనూ లేదు. విశ్వవిద్యాలయంలో దీన్ని సాంకేతిక విజ్ఞానం అనరు. 'సంప్రదాయ నైపుణ్యం' అని ఒక మెట్టు కింద పెడతారు.

చట్రం మీద 16 వెదురు కడియాలు అమరుస్తారు. వెదురును సన్నటి బద్దలుగా చీల్చి, ముడి కనపడకుండా గుండ్రంగా అతికినవి. కింది కడియం పెద్దది, పైకి పోయేకొద్దీ చిన్నదవుతూ చివర కొస దగ్గర ఉంగరమంత ఉంటుంది. వాటి మీద లోపలి వరస ఆకు, దాని మీద వెదురు పిలకను కప్పి ఉండే ఎండు పొర, దాని మీద బయటి వరస ఆకు. మధ్యలో ఆ వెదురు పొర ఉండటం వల్లనే చువొంగ్ టోపీ గట్టిది, వానకు ఆగుతుంది. ఆ పొర లేకుండా చేసే టోపీలు తేలికగా, అందంగా ఉంటాయి, ఎక్కువ కాలం ఉండవు. ఇక కుట్టు. కడియాల వెంట చుట్లు చుట్లుగా సూదితో కుట్టుకుంటూ పోవాలి. పూర్వం చెట్టు నారతో కుట్టేవాళ్లు, ఇప్పుడు నైలాన్ దారం. కుట్టు ఆకు మీద ఎక్కువ కనపడకూడదు, కుట్టుకూ కుట్టుకూ మధ్య ఎడం ఒకటే ఉండాలి, దారం ముడి బయటికి రాకూడదు. చెయ్యి తిరిగిన మనిషి రోజుకు ఒకటో రెండో టోపీలు పూర్తిచేస్తుంది. ఆరేడేళ్ల పిల్లలు అమ్మ పక్కన కూర్చొని మొదలుపెడతారు, ఎనభై ఏళ్ల ముసలమ్మలు కళ్లు కనిపించినంత కాలం కుడుతూనే ఉంటారు. కడియాలు తీయటం, ఆకు సాపుచేయటం లాంటి వాటిలో మగవాళ్లూ చెయ్యి వేస్తారు. కుట్టు భారం మాత్రం ఎక్కువగా ఆడవాళ్లదే. వంట, పిల్లలు, పందులు, చేను అయిపోయాక మిగిలిన సమయమంతా ఆ సూదిదే.

టోపీ గురించి మాట్లాడుతూ గొడుగును వదిలేయటం కుదరదు. పాత వియత్నాంలో గొడుగు అధికారిది. ఊరేగింపులో ఎవరికి ఎన్ని గొడుగులు పట్టాలో హోదాను బట్టి ఉండేది. ఎండ అందరికీ ఒకటే గానీ నీడకు మాత్రం అంతస్తులున్నాయి: అధికారికి మనిషి పట్టే గొడుగు, రైతుకు తన తలే మోసే ఆకు. చువొంగ్‌కు దగ్గర్లోనే థువొంగ్ తిన్ ప్రాంతంలో క్వాత్ దోంగ్ అనే ఊరుంది, బుటా పనికి పేరు. ఆ వృత్తికి మూలపురుషుడుగా కొలిచేది 17వ శతాబ్దపు ఒక ఉన్నతాధికారి లే కాంగ్ హాన్‌ను. ఆయన చైనాకు రాయబారిగా వెళ్లినప్పుడు అక్కడివాళ్లు మేడ మీద బంధించారనీ, ఆ మేడలోని బుటా తెరనూ గొడుగులనూ విప్పి చూసి రెండు విద్యలూ నేర్చుకొని వచ్చాడనీ కథ. చాలా వృత్తి గ్రామాల్లో ఇట్లాంటి కథే ఉంటుంది. వేళ్లతో పనిచేసే వాళ్లకు ఆ పని చదువుకున్న పెద్దమనిషి నేర్పితేనే వచ్చిందని చెప్పటం అక్కడి చరిత్రకూ అవసరమైంది. మన దగ్గర ప్రతి వృత్తికీ ఒక రుషిని తగిలించినట్టు.

మన దగ్గర గొడుగు కథ ఇంకా చేదుగా ఉంటుంది. దొర గడీ ముందు దళితుడు గొడుగు ముడవాలి, చెప్పులు చేతపట్టుకోవాలి. ఇది మన తాతల నోట మనం విన్నదే. కళింగాంధ్రలో తాటాకుతో చేసుకునే గిడుగు, తెలంగాణలో గొంగడి కొప్పెర, ఇవే మన వాళ్ల నీడలు. చువొంగ్ టోపీ లాంటివి మనకూ ఉన్నాయి. వాటి చరిత్ర రాసిన వాళ్లు లేరు.

ఇప్పుడు కులం దగ్గరికి వద్దాం. పాత వియత్నాం సమాజాన్ని కన్ఫ్యూషియన్ పండితులు నాలుగు వరసలుగా చెప్పారు: పండితుడు, రైతు, చేతిపనివాడు, వర్తకుడు. నాలుగు అనగానే మన వాళ్లకు చాతుర్వర్ణ్యం గుర్తుకొస్తుంది, కొందరు రెండూ ఒకటే అని రాసేస్తారు కూడా. ఒకటి కాదు. రైతు రెండోవాడు, వర్తకుడు చివరివాడు. రైతు కొడుకు పరీక్ష రాసి పండితుడు కావచ్చు, లెక్క ప్రకారమైతే. పెళ్లికీ తిండికీ ఈ వరసలు అడ్డుగోడలు కావు. టోపీ కుట్టేవాళ్లను ముట్టుకుంటే మైల లేదు, వాళ్లకు ఊరి చివర వాడ లేదు. మన దగ్గర వెదురు చీల్చేవాణ్ణి మేదరి అంటాం, అది వాడి పనికీ ఇంటికీ పెళ్లికీ అన్నింటికీ పేరు. చువొంగ్‌లో వెదురు చీల్చేవాడు వెదురు చీలుస్తాడు, అంతే.

1936లో రెండు పుస్తకాలు వచ్చాయి. ఒకటి మనందరికీ తెలిసిన అంబేద్కర్ 'కుల నిర్మూలన'. కులాన్ని శ్రమ విభజనగా సమర్థించే వాళ్లకు, అది శ్రామికులనే ముక్కలు చేసి మెట్లుగా పేర్చిన ఏర్పాటని ఆయన జవాబిచ్చాడు. అదే ఏడాది పారిస్‌లో పియర్ గురూ అనే భూగోళ శాస్త్రవేత్త టోంకిన్ డెల్టా రైతుల మీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. ఎర్రనది డెల్టాలో సుమారు రెండున్నర లక్షల మంది చేతిపనుల మీద ఆధారపడ్డారనీ, వృత్తులు నూటికి పైగా ఉన్నాయనీ లెక్కగట్టాడు. ఇద్దరికీ ఒకరి గురించి ఒకరికి తెలిసే అవకాశం లేదు. మేమే ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెడుతున్నాం, ఎందుకంటే గురూ చెప్పినదాంట్లో వృత్తి గ్రామం పుట్టుకకు కారణం కనిపిస్తుంది. డెల్టాలో చదరపు కిలోమీటరుకు నాలుగు వందలకు పైగా జనం. భూమి గుప్పెడంత. నాటుకూ కోతకూ మధ్య నెలల తరబడి చేతులు ఖాళీ. ఆ చేతులకు ఎంత తక్కువ వచ్చినా సరే, ఏదో ఒకటి రావాలి. అందుకే ఒక ఊరు టోపీలు, ఒక ఊరు చాపలు, ఒక ఊరు విసనకర్రలు. వర్తకుడు ఆ ఊళ్ల ఆకలి తెలిసినవాడు కాబట్టి ధర అంతకు మించి పెంచడు. నేటి పర్యాటక పుస్తకాలు 'వారసత్వం' అంటున్న దాని అడుగున ఉన్నది ఈ భూమి కరువు.

కులం లేదు కాబట్టి వియత్నాం పల్లె సమానమైనదని ఎవరూ అనుకోవద్దు. ఊరి మధ్య దిన్ అనే సామూహిక మందిరం ఉండేది. అందులో విందుకు ఎవరు ఏ చాప మీద కూర్చోవాలి, జంతువు తలకాయ ఎవరికి, ముక్కలు ఎవరికి అని వయసునూ హోదానూ బట్టి కట్టుబాట్లు. ఊరి కట్టుబాట్లు రాసింది మగ పెద్దలు. ఆడవాళ్లకు ఆ చాపల మీద చోటు లేదు. ఊరికి టోపీల పేరు తెచ్చిన సూదులన్నీ ఆ మందిరం బయటే ఉన్నాయి. కొన్ని వృత్తి గ్రామాల్లో పని రహస్యం కూతుళ్లకు నేర్పేవాళ్లు కాదు, పెళ్లయి ఇంకో ఊరికి పోతే విద్య పోతుందని. కోడళ్లకు నేర్పేవాళ్లు.

ఇంకా కింద మో ఉండేవాడు. మో అంటే కొయ్య గంట, దాన్ని వాయిస్తూ ఊళ్లో చాటింపు వేసే మనిషిని కూడా అదే పేరుతో పిలిచేవాళ్లు. చాటింపు, విందుల్లో ఊడిగం, పెద్దలు పంపిన చోటికల్లా పరుగు. సాధారణంగా బయటి ఊరి నుంచి వచ్చి చేరిన, ఊరి భూమిలో వాటా లేని బీదవాడు. విందులో వాడు విడిగా కూర్చోవాలి. డప్పు చాటింపు, వెట్టి తెలిసిన మనకు ఈ మనిషి కొత్తవాడు కాడు. నామ్ కావ్ అనే రచయిత 1943లో ఇట్లాంటి మో మీద కథ రాశాడు. మర్యాదగా బతికే ఒక రైతు ఆ పనిలో చేరాక, ఊరంతా ఎగతాళి చేసి చేసి చివరికి వాణ్ణి వాళ్లనుకున్న మనిషిగానే తయారుచేస్తారు. పాడి ఆడే వాళ్లదీ ఇట్లాంటి గతే. పాటగాడి కొడుకని దావో జుయ్ తూను (1572–1634) ఉత్తరాదిలో పరీక్ష రాయనివ్వలేదు. ఆయన దక్షిణాదికి పోయి న్గుయెన్ ప్రభువుల దగ్గర పెద్ద మంత్రాంగవేత్త అయ్యాడు.

తేడా ఎక్కడుందంటే, మో పదవి పోతే మో పోయాడు. 1945 విప్లవం తర్వాత ఆ పదవి లేదు, వాడి మనవళ్లను ఇప్పుడు ఎవరూ గుర్తుపట్టరు. మన దగ్గర డప్పు వదిలేసి చదువుకొని ఉద్యోగం చేస్తున్నా, అద్దె ఇల్లు అడిగినప్పుడు కులం అడుగుతారు.

హనోయ్ పాత పేటలో హాంగ్ నోన్ అనే వీధి ఉంది, టోపీల వీధి. ఊళ్లల్లో కుట్టిన టోపీలు అక్కడి దుకాణాల్లో అమ్మేవాళ్లు. ఫ్రెంచి వాళ్లూ దాన్ని టోపీల వీధి అనే తమ భాషలో రాసుకున్నారు. ఆ వీధిలోని 15వ నంబరు ఇంట్లో 1929 జూలై 28న ఉత్తర వియత్నాం ఎర్ర కార్మిక సంఘాల సమాఖ్య స్థాపన సభ రహస్యంగా జరిగింది. ఆ తేదీనే అక్కడ కార్మిక సంఘాల దినంగా జరుపుకుంటారు. గనుల్లో, మిల్లుల్లో పనిచేసే వాళ్ల సంఘం టోపీల వీధిలో పుట్టింది. ఇళ్లల్లో కూర్చొని టోపీలు కుట్టే ఆడవాళ్లు ఆ కాలపు 'కార్మికుడు' అనే మాటలోకి వచ్చారా అన్నది వేరే ప్రశ్న. మన దగ్గర బీడీలు చుట్టే ఆడవాళ్ల విషయంలోనూ ఈ ప్రశ్నే ఉంది.

1944–45 కరువులో ఈ డెల్టా ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. చచ్చిపోయిన వాళ్ల లెక్క నాలుగు లక్షల నుంచి ఇరవై లక్షల దాకా చెబుతారు. 1954లో దియెన్ బియెన్ ఫూ యుద్ధానికి రెండు లక్షల అరవై వేలకు పైగా పౌరులు కావళ్ల మీదా సైకిళ్ల మీదా బియ్యం, మందుగుండు మోశారు. ఆ ఫోటోలు చూస్తే కొండదారుల వెంట టోపీల వరస కనిపిస్తుంది. సైన్యాధిపతుల పేర్లు చరిత్రలో ఉన్నాయి. ఆ తర్వాత భూసంస్కరణ, దాంట్లో జరిగిన అత్యాచారాలు, 1956లో పార్టీయే తప్పు ఒప్పుకొని దిద్దుకోవటం. 1958 తర్వాత సహకార సంఘాలు. చేతివృత్తులనూ సంఘాల కిందికి తెచ్చారు. 1986లో దోయ్ మోయ్ సంస్కరణలు, 1988లో భూమి సాగు మళ్లీ కుటుంబాల చేతికి. దాంతో టోపీ పూర్తిగా ఇంటి పని అయింది, సంతకే వదిలేశారు.

టోపీకి పెద్ద దెబ్బ తగిలింది ఎవరూ అనుకోని వైపు నుంచి. 2007 డిసెంబర్ 15 నుంచి వియత్నాంలో అన్ని రోడ్ల మీదా మోటారు సైకిల్ మీద పోయేవాళ్లకు హెల్మెట్ తప్పనిసరి చేశారు. దేశమంతా మోటారు సైకిళ్ల మీద తిరిగే చోట ఇది చిన్న విషయం కాదు. మంచి చట్టమే, చాలా ప్రాణాలు కాపాడింది. కానీ అంతకుముందు పట్నంలోనూ పల్లెలోనూ బండి మీద పోయేవాళ్లు పెట్టుకునే టోపీ ఒక్క రోజుతో తలల మీద నుంచి దిగిపోయింది. చేతివృత్తుల క్షీణత అనగానే మనం మిల్లులనూ యంత్రాలనూ తిడతాం. ఇక్కడ టోపీకి పోటీ వచ్చింది ప్లాస్టిక్ చిప్ప, దాని వెనక ఒక ప్రభుత్వ ఉత్తర్వు.

మిగిలిన బజారు రెండు ముక్కలైంది. చేలల్లో, సంతల్లో పనిచేసే వాళ్లు కొనే చవక టోపీ ఒకటి, పర్యాటకులు కొనే అందాల టోపీ ఇంకొకటి. ఈ రెండోదాంట్లో హ్యూ పట్టణానిది పైచెయ్యి. అక్కడ రెండు ఆకు పొరల మధ్య కాగితంతో కత్తిరించిన కవిత పంక్తులు పెడతారు, వెలుగుకు ఎత్తి పట్టుకుంటే అక్షరాలు కనిపిస్తాయి. ఇది 1960 ప్రాంతంలో మొదలైన పద్ధతి. హ్యూ ఆకు టోపీకి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కవిత ఉన్న టోపీకి కవి పేరు చెప్పి అమ్ముతారు. కుట్టిన మనిషి పేరు ఏ పొరలోనూ ఉండదు. హ్యూ టోపీని మేము తక్కువ చేయటం లేదు. అక్కడ కూడా కుట్టేది బీద ఆడవాళ్లే. గుర్తింపు పత్రం వచ్చాక ఆ ఆడవాళ్ల చేతికి టోపీకి ఎంత పెరిగింది అన్న ప్రశ్నతోనే ఆ పత్రాన్ని కొలవాలంటున్నాం. పోచంపల్లికీ కొండపల్లికీ మనం ఇదే ప్రశ్న వేయాలి.

హనోయ్ నగరపాలన తన పరిధిలో వృత్తులున్న ఊళ్లు 1350 అని గర్వంగా చెప్పుకుంటుంది. బస్సుల్లో వచ్చే సందర్శకులకు చువొంగ్‌లో ముసలమ్మలు ఆకు సాపుచేసి చూపిస్తారు, రంగులేసిన చిన్న టోపీలు పిల్లలకు అమ్ముతారు. ఊళ్లో వయసులో ఉన్నవాళ్లు ఫ్యాక్టరీలకూ నగరంలో పనులకూ పోతున్నారు. రోజంతా కుట్టినా వచ్చేది ఫ్యాక్టరీ కూలికి దగ్గరగా కూడా రాదు. విద్య పోతుందని బయటివాళ్లు బాధపడుతున్నారు. ఈ బాధలో మేము పూర్తిగా కలవలేకపోతున్నాం. వృత్తి వదలటం అంటే మా వాళ్లకు ఊపిరి పీల్చుకోవటం. తోలు పని, పాకీ పని, చాటింపు వదిలించుకోవటానికి తరాలు పట్టిన వాళ్లం మేము. ఎవరైనా 'మీ గొప్ప సంప్రదాయం పోతోంది' అంటే, మరి మీ పిల్లల్ని పంపించండి నేర్చుకోవటానికి అని అడగాలనిపిస్తుంది.

కానీ చువొంగ్ ముసలమ్మ విషయంలో ఈ జవాబు సగమే సరిపోతుంది. ఆమెకు ఆ పని అవమానం కాదు. తన తల్లి దగ్గర నేర్చుకుంది, చెయ్యి తిరిగింది, సంతలో తన టోపీని కుట్టు చూసి గుర్తుపట్టే వాళ్లున్నారు. ఆమె కూతురు సూది పక్కనపెట్టి ఫ్యాక్టరీకి పోతే 'టోపీదాని కూతురు' అని ఎవరూ వెక్కిరించరు, తిరిగొచ్చి కుట్టినా ఎవరూ వెక్కిరించరు. వదిలేయటానికీ ఉంచుకోవటానికీ స్వేచ్ఛ ఉంది. లేనిది ధర. మా మేదరి, మాదిగ వృత్తిదారులకు ధరా లేదు, ఆ స్వేచ్ఛా లేదు. ఈ రెండు లేములను విడివిడిగా చూడటం నేర్పినందుకే ఈ ఊరి చరిత్ర మాకు అవసరమైంది. కులం పోతే శ్రమకు విలువ దానంతటదే వస్తుందని మనలో కొందరు నమ్ముతారు. ధర పెరిగితే కులం దానంతటదే కరిగిపోతుందని ఇంకొందరు. చువొంగ్ మొదటి నమ్మకాన్ని నిలబెట్టదు. రెండోదానికి జవాబు మన ఊళ్లల్లోనే బోలెడంత ఉంది.

సంత రోజున చీకట్లో దీపం వెలుగులో కొనేవాళ్లు టోపీని తిప్పి, లోపలి వైపు చూస్తారట. బయటి ఆకు ఎవరైనా మెరిపించగలరు, లోపలి కుట్టే పనితనం చెబుతుంది. చూసి, వేలితో కడియాలు మీటి, ధర తగ్గించి అడుగుతారు. ఆమె కాసేపు బేరమాడి ఇచ్చేస్తుంది. వచ్చే సంత ఇంకో నాలుగైదు రోజుల్లో ఉంది, ఆకు కొనాలి.